నాగరికుడంటే పౌరుడేనా?

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు పిల్లలకు రాజ్యాంగం చెప్పే టీచర్లు పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టి చూడాలి. బోర్డు మీద ‘నాగరికుడు’ అని రాసి అర్థం అడగండి. సగంమంది ‘మర్యాద తెలిసినవాడు’, ‘పట్నంవాడు’ అంటారు. ఒడియా బాగా వంటబట్టిన మిగతా సగం ‘దేశంలో ఉండేవాడు, ఓటు ఉన్నవాడు’ అంటారు. రెండూ సరైన జవాబులే. తెలుగులో నాగరికత అంటే సింధు నాగరికత. ఒడియాలో నాగరికతా అంటే పౌరసత్వం. సింధు నాగరికతను ఒడియాలో ‘సభ్యతా’ అంటారు. ఆ మాట వినగానే మన పిల్లాడికి సభ్యత, సంస్కారం గుర్తొస్తాయి.

ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ, బళ్ళో ఒడియా, పరీక్షలో ఒక్కోసారి ఇంగ్లీషు. ఇలా పెరిగే పిల్లలు రాజ్యాంగం పాఠంలో తప్పులు రాస్తే శ్రద్ధ లేదని అనేస్తాం. చాలా తప్పులు శ్రద్ధ లేక వచ్చేవి కావు. రెండు భాషల్లోనూ అవే సంస్కృత పదాలు ఉంటాయి, కానీ ఒక్కో భాషలో ఒక్కో పనికి వాడతాం. తెలియని మాట ఎదురైతే పిల్లలు అడుగుతారు. తెలుసనుకున్న మాటను అడగరు, తప్పు అర్థంతోనే చదువుకుంటూ పోతారు. అందుకే మొదటి పీరియడ్ మొత్తం మాటలకే ఇవ్వాలి. పీఠిక, హక్కులు, విధులు ఏవైనా ఆ తర్వాతే.

ఏ మాటలు దెబ్బ కొడతాయో వరసగా చెబుతాను. అన్నిటికంటే ప్రమాదకరమైంది ‘గణతంత్రం’. తెలుగులో, హిందీలో గణతంత్రం అంటే దేశాధినేత వారసత్వంగా కాకుండా ఎన్నికతో వచ్చే వ్యవస్థ. జనవరి 26 మనకి గణతంత్ర దినోత్సవం. ఒడియాలో మాత్రం గణతంత్ర అంటే ప్రజాస్వామ్యం. గణతంత్రానికి వాళ్ళ మాట ‘సాధారణతంత్ర’. జనవరి 26 సాధారణతంత్ర దిబస. ఒడియా పీఠికలో ‘గణతాంత్రిక సాధారణతంత్ర’ అని వస్తుంది, తెలుగులో ‘ప్రజాస్వామ్య గణతంత్ర’ అని. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసిన పిల్లకి వరస తారుమారైనట్టు కనబడుతుంది. నిజానికి వరస ఒక్కటే, ముందు ప్రజాస్వామ్యం, తర్వాత గణతంత్రం. పైగా ‘సాధారణ’ అనగానే తెలుగు చెవికి ‘మామూలు’ అనిపిస్తుంది. ఇక్కడ దాని అర్థం ‘అందరిదీ’ అని, సర్వసాధారణం అన్నప్పటి సాధారణం అని చెబితే చాలు, పిల్లలు పట్టేస్తారు.

‘అధికారం’ ఇంకోటి. ఒడియాలో ‘మౌళిక అధికార’ అంటే ప్రాథమిక హక్కు. తెలుగులో అధికారం ఆఫీసరుది, హక్కు మనది. ‘మౌళిక అధికార’ అనే పాఠాన్ని ఆఫీసర్ల గురించి అనుకుని చదివిన పిల్లాడు హక్కుల పాఠాన్ని పూర్తిగా తలకిందులుగా అర్థం చేసుకున్నట్టే. ప్రభుత్వాన్ని అదుపులో పెట్టే భాగం కాస్తా ప్రభుత్వానికి బలమిచ్చే భాగంలా కనబడుతుంది. ‘స్వాధీనతా’ కూడా ఇలాంటిదే. ఆగస్టు 15 స్వాధీనతా దిబస. మన ఇళ్ళల్లో స్వాధీనం అనే మాట వినబడేది బ్యాంకువాళ్ళు బండి స్వాధీనం చేసుకున్నప్పుడు. స్వ అధీనం, తనకి తానే అధీనం అని విడదీసి చూపిస్తే రెండు అర్థాలూ ఒక వేరు నుంచే పుట్టాయని తెలుస్తుంది.

రాష్ట్రం, రాజ్యం జంట మీద కాస్త ఎక్కువ సేపు ఆగాలి. తెలుగులో ఒడిశా ఒక రాష్ట్రం. ఒడియాలో ఒడిశా ఒక రాజ్య, రాష్ట్ర అంటే దేశం. ‘రాష్ట్రపతి ఎవరు?’ అన్న ప్రశ్నకి తెలుగు పిల్లలు ముఖ్యమంత్రి పేరో గవర్నరు పేరో రాయడానికి కారణం ఇదే. తెలుగు లెక్కలో వాళ్ళ తర్కం తప్పు కాదు. రాష్ట్రపతి అనే మాటలో మాత్రం రాష్ట్రానికి దేశమనే పాత అర్థమే నిలిచింది. దీనికి మన ఊళ్ళోనే మంచి ఉదాహరణ ఉంది. వి.వి.గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు ఇంట్లో పుట్టారు. ఉత్తరప్రదేశ్‌కి, కేరళకి, మైసూరుకి గవర్నరుగా చేశారు. ఒడియాలో ఆ పదవి ‘రాజ్యపాళ’. 1967లో ఉపరాష్ట్రపతి, 1969లో రాష్ట్రపతి అయ్యారు. రాజ్యపాళగా ఒక్కొక్క రాజ్యం, రాష్ట్రపతిగా మొత్తం దేశం. ఈ ఒక్క మనిషి జీవితం బోర్డు మీద గీత గీసి చూపిస్తే రెండు మాటలూ మళ్ళీ కలగాపులగం కావు. రాజ్యసభ అంటే రాజుల సభ కాదు, రాష్ట్రాల సభ అన్న సంగతి కూడా దీంతోనే తేలిపోతుంది.

‘విధి’ గురించి ఒక మాట. మనకి విధి అంటే తలరాత, అదే విధి అంటే డ్యూటీ. ఒడియాలో బిధి అంటే నియమం, చట్టం. ‘ప్రాథమిక విధులు’ అన్నప్పుడు తెలుగు పిల్లలకు ‘కర్తవ్యాలు’ అని కూడా చెప్పండి. ఒడియా పుస్తకంలోనూ ‘మౌళిక కర్తబ్య’ అనే ఉంటుంది. రెండు భాషల్లోనూ ఒకే అర్థం ఇచ్చే మాట దొరికినప్పుడు దాన్నే పట్టుకోవాలి. న్యాయం కూడా అలాంటిదే, దరఖాస్తు కూడా.

ఈ మాటలన్నీ ఒక డ్రాయింగ్ షీటు మీద మూడు గళ్ళుగా రాయించాలి. ఎడమ గడిలో మాట, మధ్యలో తెలుగు అర్థం, కుడి గడిలో ఒడియా అర్థం. పన్నెండు మాటలకు మించొద్దు. ఎక్కువైతే అది నిఘంటువు అవుతుంది, ఎవరూ చూడరు. టీచరు రాసి తగిలించిన చార్టు గోడకి అలంకారం. పిల్లలతో రాయించండి, తప్పు రాస్తే దాని పక్కనే దిద్దించండి, కొట్టివేత కనబడనివ్వండి. ఏ మాట దగ్గర ఎంతమంది పడ్డారో ఆ కొట్టివేతలే చెబుతాయి.

పీఠిక దగ్గరికి వద్దాం. కొన్ని తెలుగు పుస్తకాల్లో దీన్నే ప్రవేశిక అంటారు. అదీ ఇదీ ఒకటేనని ముందే చెప్పండి. పీఠిక మొత్తం ఒకే వాక్యం. ఇంగ్లీషులో అసలు క్రియ చివర్లోనే ఉన్నా, ‘తీర్మానించుకుని’ అనే మాటైనా ‘మేము’ వెనకెనకే దొరుకుతుంది. తెలుగులో ‘భారత ప్రజలమైన మేము’ అని మొదలైన వాక్యానికి క్రియ చిట్టచివర ఎప్పుడో వస్తుంది. మధ్యలో న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్నీ దాటుకుని వెళ్ళేసరికి ఎవరు ఏం చేశారో పిల్లలకు మరుపొచ్చేస్తుంది. ప్రార్థనలో గడగడా అప్పజెప్పే పిల్లని ‘ఇందులో ఎవరు ఎవరికి ఏం ఇచ్చారమ్మా?’ అని అడిగితే గతుక్కుమనేది అందుకే.

దీనికి పని చేసే పద్ధతి పట్టీలు. డ్రాయింగ్ షీట్లను మూడంగుళాల వెడల్పు పట్టీలుగా కోసి, చివరి బెంచీకి కనబడేలా లావు స్కెచ్ పెన్నుతో తొమ్మిది పట్టీలు రాయాలి. ఒకటి, ‘భారత ప్రజలమైన మేము’. రెండు, దేశం ఎలా ఉండాలో చెప్పే అయిదు మాటలు: సర్వసత్తాక, సామ్యవాద, లౌకిక, ప్రజాస్వామ్య, గణతంత్ర. మూడు నుంచి ఆరు వరకూ న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం, ఒక్కో దానికి ఒక్కో పట్టీ. ఏడు, ‘తీర్మానించుకుని’. ఎనిమిది, ‘1949 నవంబరు 26న మా రాజ్యాంగ సభలో’. తొమ్మిది, ‘ఈ రాజ్యాంగాన్ని మాకు మేమే ఇచ్చుకుంటున్నాము’. పుస్తకాన్ని బట్టి మాటలు కొంచెం మారతాయి, మీ తరగతి పుస్తకంలో ఎలా ఉంటే అలాగే రాయండి.

ముందుగా ఒకటో పట్టీ, తొమ్మిదో పట్టీ మాత్రమే పట్టుకుని ఇద్దరు పిల్లలు పక్కపక్కన నిలబడాలి. భారత ప్రజలమైన మేము, ఈ రాజ్యాంగాన్ని మాకు మేమే ఇచ్చుకుంటున్నాము. అసలు వాక్యం ఇంతే. రాజు ఇవ్వలేదు, బ్రిటిష్ పార్లమెంటు ఇవ్వలేదు. ఇది మనసుకెక్కాక ఆ ఇద్దరినీ దూరం జరిపి మధ్యలోకి ఒక్కొక్క పట్టీనీ పిలవాలి. ఏడుగురూ చేరేసరికి వాక్యం గది ఈ చివర నుంచి ఆ చివరకి సాగుతుంది, కానీ రెండు కొసలూ ఎవరూ మరిచిపోరు. మధ్యలో ఉన్నవాటికి లెక్క చెప్పండి. న్యాయం మూడు రకాలు: సాంఘిక, ఆర్థిక, రాజకీయ. స్వేచ్ఛ అయిదింటిలో: ఆలోచన, భావప్రకటన, విశ్వాసం, మతం, ఆరాధన. సమానత్వం రెండింటిలో: హోదా, అవకాశం. మూడు, అయిదు, రెండు అని లెక్క పెట్టుకుంటే ఏది తప్పిపోయిందో పిల్లలే కనిపెడతారు.

పట్టీలు కలిపి ఇచ్చి వరస పెట్టమన్నప్పుడు ఎక్కువగా జారేది ఎనిమిదోది. తేదీ 1950 జనవరి 26 అనేస్తారు, లేదా ఆ పట్టీని చిట్టచివర పెట్టేస్తారు. రెండు తేదీల సంగతి అక్కడే విప్పాలి. ఆమోదించింది 1949 నవంబరు 26న. పౌరసత్వం, ఎన్నికల సంఘం వంటి కొన్ని ప్రకరణలు ఆ రోజు నుంచే అమల్లోకి వచ్చాయి. మిగతావన్నీ 1950 జనవరి 26 నుంచి. 1930లో అదే తేదీన దేశమంతా పూర్ణ స్వరాజ్ దినం జరుపుకుంది కాబట్టి ఆ రోజును ఎంచుకున్నారు. నవంబరు 26ను 2015 నుంచి రాజ్యాంగ దినోత్సవంగా జరుపుతున్నాం, బళ్ళో పీఠిక చదివించేది ఆ రోజే. చదివించిన రోజే పట్టీల ఆట కూడా పెడితే బావుంటుంది.

ఇక్కడ తెలుగు పిల్లలకు వచ్చే ప్రశ్న ఒకటుంది. ‘మేము’ ఎందుకు, ‘మనం’ అనొచ్చు కదా? హిందీలో ఈ తేడా లేదు, ఇంగ్లీషులో లేదు. తెలుగులో మేము అంటే ఎదుటివాడు అందులో లేడు. మరి బయట ఉన్నదెవరు? ఈ ప్రశ్న అడిగే పిల్లని మెచ్చుకోవాలి. పీఠిక దేశప్రజలు తమలో తాము మాట్లాడుకునే మాట కాదు, ప్రపంచానికి వినబడేలా చేసిన ప్రకటన. వినేవాళ్ళు బయట ఉన్నారు కాబట్టి ‘మేము’. తరగతిలో కూర్చుని దాన్నే మనలో మనం చెప్పుకుంటే ‘మనం’ అవుతుంది. పిల్లలతో రెండు విధాలా చదివించి చూడండి. ‘భారత ప్రజలమైన మనం’ అనగానే తరగతిలో ఉన్న సవర పిల్ల, ఒడియా పిల్లాడు, తెలుగు పిల్ల అందరూ ఆ వాక్యంలోకి వచ్చేస్తారు. వ్యాకరణం పాఠం, పౌరశాస్త్రం పాఠం ఒకేసారి అయిపోతాయి.

సౌభ్రాతృత్వానికి గంజాం పిల్లలకు చూపించదగ్గ రాయి ఒకటుంది. ఋషికుల్యా నది ఒడ్డున, పురుషోత్తమపురం దగ్గర జౌగడలో అశోకుడి శాసనాలు బండ మీద ఉన్నాయి. మనుషులందరూ నా బిడ్డలు అని అశోకుడు చెప్పింది ధౌళిలోనూ, ఈ జౌగడలోనూ ఉన్న ప్రత్యేక శాసనాల్లో. మంచి మాటే. అయినా అందులో తండ్రి ఒకడున్నాడు, మిగతావాళ్ళు బిడ్డలు. పీఠికలో తండ్రి లేడు, ఉన్నది తోబుట్టువులే. ప్రజ అనే మాటకి సంతానం అని పాత అర్థం. ఆ ప్రజ పౌరుడిగా ఎలా మారాడో ఈ రెండు వాక్యాలనీ పక్కపక్కన పెట్టి చూపించొచ్చు. జౌగడకి విహారయాత్ర వెళ్ళే బడులు రాతి ముందు ఫొటో దిగి వచ్చేయకుండా ఈ పది నిమిషాల మాట అక్కడే చెప్పాలి.

గోడల మీద చార్టుల సంగతి. కొత్త పాఠం మొదలుపెట్టే ముందు తరగతిలో ఉన్న పాత చార్టులు దింపి చూడండి. ప్రాథమిక హక్కులు ఏడు అని ఉంటే అది 1978 నాటి 44వ సవరణకి ముందు లెక్క. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేశాక మిగిలినవి ఆరు. విధులు పది అని ఉంటే 2002కి ముందుది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు చదువుకునే అవకాశం తల్లిదండ్రులు కల్పించాలన్నది పదకొండోది, 86వ సవరణతో చేరింది. ఎనిమిదో షెడ్యూలులో భాషలు మొదట 14, ఇప్పుడు 22. రాష్ట్రం పేరు ‘ఒరిస్సా’ అని ఉంటే 2011కి ముందుది. నెట్‌లోంచి దింపుకున్న పీఠిక బొమ్మల్లో చాలావరకు ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేత్తో రాసిన అసలు ప్రతి ఫొటోలే. అందులో సామ్యవాద, లౌకిక, సమగ్రత అనే మూడు మాటలుండవు. అవి 1976లో 42వ సవరణతో చేరాయి. పుస్తకంలో ఉండి గోడ మీద లేని మాటల్ని పిల్లలు ఇట్టే పట్టేస్తారు. అప్పుడు ‘బొమ్మ తప్పు’ అని తేల్చేయకూడదు. రాజ్యాంగాన్ని సవరించుకునే వీలు రాజ్యాంగంలోనే ఉందని చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం రాదు.

ప్రతిజ్ఞనీ పీఠికనీ కలిపేయడం కూడా తరచూ కనబడుతుంది. ‘భారతదేశం నా మాతృభూమి’ అనే ప్రతిజ్ఞ రాజ్యాంగంలోది కాదు. 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులో రాసింది. దేశమంతా చెప్పుకునే ప్రతిజ్ఞ మొదట తెలుగులో పుట్టిందని ఇక్కడి తెలుగు పిల్లలకు తప్పక చెప్పాలి. అలాగే రాజ్యాంగం అంబేద్కర్ ఒక్కరే కూర్చుని రాశారనే మాట. ఆయన ముసాయిదా సంఘానికి అధ్యక్షులు, దాన్ని సభలో ఏడాదిపాటు వాదించి నిలబెట్టినవారు. అదే సంఘంలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. సభలో దుర్గాబాయి, గంజాం ప్రాంతం నుంచి బిశ్వనాథ దాస్ ఉన్నారు. పని పంచుకున్నవాళ్ళ పేర్లు చెబితే అంబేద్కర్ గారి గొప్పతనం తగ్గదు. 1949 నవంబరు 25న సభలో మాట్లాడుతూ రాజ్యాంగ సలహాదారు బి.ఎన్.రావుకి, ముఖ్య ముసాయిదాకారుడు ఎస్.ఎన్.ముఖర్జీకి దక్కాల్సిన గౌరవాన్ని ఆయనే స్వయంగా ఇచ్చారు.

విధుల దగ్గర నాకు గట్టి అభిప్రాయం ఉంది. చాలా బడుల్లో 51ఎ ప్రకరణని క్రమశిక్షణ బెత్తంలా వాడతారు. చెత్త వేశావు, విధి తప్పావు, నువ్వు హక్కు ఎలా అడుగుతావు అని. రాజ్యాంగంలో ఎక్కడా అలా లేదు. హక్కులు మూడో భాగంలో ఉన్నాయి, విధులు నాలుగు-ఎ భాగంలో. విధి నెరవేర్చినవాడికే హక్కు అనే షరతు లేదు. విధుల్ని నేరుగా కోర్టులో అమలు చేయించలేరు కూడా. వాటి వెనక విడివిడి చట్టాలున్నాయి. జెండాకి అవమానం జరిగితే 1971 చట్టం, వన్యప్రాణులకు 1972 చట్టం, ప్రజల ఆస్తి పాడుచేస్తే 1984 చట్టం. ఓటు వేయడం, పన్ను కట్టడం ఈ పదకొండులో లేవు. ఈ రెండూ పిల్లలు ఠంచనుగా రాసే తప్పులు. పన్ను కట్టడాన్ని చేర్చమని స్వరణ్ సింగ్ కమిటీ సూచించినా చేర్చలేదు.

విధికి ఉదాహరణ చెప్పేటప్పుడు ‘చెట్లు నాటాలి’ దగ్గర ఆగిపోవద్దు. ఋషికుల్యా నది సముద్రంలో కలిసే చోటికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుంపులుగా గుడ్లు పెట్టడానికి వస్తాయి. తాబేలు పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి బయటికొచ్చి వెలుతురున్న వైపు పాకుతాయి. సముద్రం మీద మెరిసే వెలుగే వాటికి దారి. ఒడ్డున ఇంటి ముందు బల్బు వెలుగుతుంటే అటు తిరిగి ఊళ్ళోకి పాకి చచ్చిపోతాయి. ఆ కొద్ది రోజులు రాత్రి బల్బు ఆపడం, ప్రకృతినీ ప్రాణుల్నీ కాపాడాలనే 51ఎ(జి) విధి. ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, స్విచ్చి నొక్కితే చాలు. బేట్నోయి, బలిపదర్ వైపు ఊళ్ళలో కృష్ణజింకలు పంట మేసినా వాటి జోలికి పోరు. ఆ ఊళ్ళ పిల్లలకు ఈ విధి పుస్తకంలో చదవకముందే తెలుసు. గుణుపురం, కాశీనగరం పిల్లలకు వంశధార ఉంది. ఇక్కడి నుంచి శ్రీకాకుళం జిల్లాకి పోయే నీరు కాబట్టి ఇక్కడ పారేసిన చెత్త అక్కడ ఎవరి గట్టుకి చేరుతుందో పటం మీద గీయించొచ్చు.

హక్కులకు మాత్రం కేసు చీటీలు రాయడం మంచిది. ఒక్కో చీటీలో రెండు మూడు వాక్యాలు. మధ్యాహ్న భోజనంలో కొందరిని విడిగా కూర్చోబెట్టారు: వివక్షనీ అంటరానితనాన్నీ నిషేధించే 15, 17 ప్రకరణలు. పన్నెండేళ్ళ కుర్రాడిని ఇటుక బట్టీలో పనికి పెట్టారు: పిల్లల్ని ప్రమాదకరమైన పనికి పెట్టొద్దనే 24, చదువు హక్కు ఇచ్చే 21ఎ ప్రకరణలు, బాలకార్మిక చట్టం, పిల్లల సహాయానికి ఫోను నంబరు 1098. బళ్ళో ఒక భాష మాట్లాడే పిల్లలని వెక్కిరించారు: దీనికి ప్రకరణ వెదకమంటే పిల్లలు 29 దగ్గరికి వెళ్తారు. అది భాషని కాపాడుకునే హక్కు, వెక్కిరింతని నేరుగా ఆపే ప్రకరణ కాదు. సరిపోయేది పీఠికలోని వ్యక్తి గౌరవం, 51ఎలోని సామరస్యం. ఇలా ప్రకరణ సరిగ్గా కుదరని చీటీ ఒకటి తప్పకుండా పెట్టండి. అన్నిటికీ ఒక నంబరు ఉంటుందనే భ్రమ పోవాలి.

ఇక మనకే ప్రత్యేకంగా పనికొచ్చే ప్రకరణలు. రాష్ట్రంలో భాషాపరంగా అల్పసంఖ్యాకులం కాబట్టి 29, 30, 350, 350ఎ, 350బి తెలుగు పిల్లలకు కంఠతా రావాలి. 350ఎ, 350బి 1956లో ఏడో సవరణతో చేరాయి. 350ఎ ఏమంటుందో ఉన్నదున్నట్టు చెప్పాలి. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకి తగిన సదుపాయాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ‘ప్రయత్నించాలి’. ఆ ‘ప్రయత్నించాలి’ని మింగేసి ‘తెలుగు బడి మన హక్కు’ అని చెబితే పిల్లలు రేపు పెద్దయ్యాక ఆఫీసులో తెల్లబోతారు. అలాగని చేతులెత్తేయక్కర్లేదు. 1949లో విద్యామంత్రుల సమావేశం బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది ఉంటే ఆ భాషకి టీచరుని ఇవ్వాలని తీర్మానించింది. ఆ లెక్క చేతిలో ఉంటే అడగడానికి ఆధారం ఉన్నట్టే. బడి రిజిస్టరులో మాతృభాష గడిలో ఏం రాసి ఉందో ప్రతి తల్లీ తండ్రీ చూసుకోవాలి. అక్కడ ఒడియా అని పడితే ఆ పిల్ల ఈ లెక్కలోకి రాదు.

350వ ప్రకరణ ప్రకారం ఫిర్యాదు రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వొచ్చు. సమాచార హక్కు చట్టం అలా కాదు. ఆ దరఖాస్తు ఇంగ్లీషు, హిందీ లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలి. రెండింటినీ కలిపి చెప్పేవాళ్ళున్నారు, అక్కడ జాగ్రత్త. ఫిర్యాదు తెలుగులో రాసినా కింద ఒడియాలో నాలుగు వాక్యాల సారాంశం జతచేయమని పిల్లలకు నేర్పుతాం. హక్కు వదులుకోమని కాదు, కాగితం త్వరగా కదలాలని. తరగతిలో ఒడియా బాగా వచ్చిన పిల్లకి ఆ పని అప్పగిస్తే ఇద్దరికీ చదువే.

చివరి రెండు పీరియడ్లు ఈ వినతిపత్రానికే. నిజంగా ఉన్న ఇబ్బందినే ఎంచుకోవాలి: బోరింగు పాడవడం, వీధి దీపం, బడి ముందు మురుగు. ఒక కాగితంలో ఒక్క విషయమే. మొదట ఎవరికి రాయాలో తేల్చాలి. పిల్లలు అన్నిటికీ కలెక్టరుకే రాసేస్తారు. పల్లెలో దీపం, డ్రైనేజీ పంచాయతీవి, బ్లాకు స్థాయివి బీడీఓకి (బ్లాకు అభివృద్ధి అధికారికి), బడి సంగతులు హెచ్.ఎం. ద్వారా బీఈఓకి (బ్లాకు విద్యాధికారికి), బరంపురంలో అయితే మున్సిపల్ కార్పొరేషన్‌కి. తర్వాత తేదీ, విషయం, ఎప్పటి నుంచి, ఎంతమందికి ఇబ్బంది, ఏం చేయమంటున్నాం. ‘దయచేసి తగు చర్య తీసుకోగలరు’ అని ముగిస్తే చాలదు, ‘బోరింగు గొట్టం మార్పించగలరు’ అని ఉండాలి. ఎంతమందికి ఇబ్బంది అనే చోట ‘చాలామందికి’ అని రాస్తే తిప్పి పంపండి, పిల్లలు వెళ్ళి ఇళ్ళు లెక్కపెట్టుకుని వస్తారు.

ఇదే విషయాన్ని తరగతిలో పల్లిసభగా పెట్టొచ్చు. ఒడిశాలో గ్రామసభ కాక ఊరి స్థాయిలో పల్లిసభ కూడా ఉంటుంది, ఆంధ్రా పుస్తకంలో ఈ మాట దొరకదు. సర్పంచ్‌ని చీటీ తీసి ఎంచండి, ఫస్టు ర్యాంకు పిల్లాడికి ఇస్తే మిగతావాళ్ళు నోరు విప్పరు. మాట్లాడేవాళ్ళలో సగం ఆడపిల్లలు ఉండాలి, పంచాయతీల్లో ఒడిశా ఆడవాళ్ళకు సగం సీట్లు ఇచ్చింది. ఒక్కొక్కరికి ఒక్క నిమిషం. తీర్మానం పుస్తకంలో ఒకరు రాయాలి, అది చదివి వినిపించాకే సంతకాలు. చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఇక్కడే మానిపించాలి.

వినతిపత్రం రెండు ప్రతులు తీసుకెళ్ళాలి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, తేదీ వేయించుకుని తెచ్చి మాటల చార్టు పక్కన అంటించాలి. నెల దాటినా జవాబు రాకపోతే రెండో ఉత్తరం. అందులో మొదటి వాక్యం ‘ఫలానా తేదీన ఇచ్చిన మా వినతిపత్రం’ అని మొదలవ్వాలి, మొదటి దాని నకలు వెనక జతపరచాలి.